గోడ దాటాక గ్యాస్ ఎవరిది?

పైపు గ్యాస్ వచ్చింది, సిలిండర్ కోసం ఎదురుచూపులు తప్పాయి. మీటరు దాకా అడుగడుక్కీ నిబంధన ఉంది. మీటరు దాటాక మాత్రం వడ్రంగి చెప్పిందే శాసనం.

ఇరవై ఒక్క మిల్లీబార్లు. వంటింటి పొయ్యికి చేరే పైపు గ్యాస్ ఒత్తిడి అంతే. యూ ఆకారపు గొట్టంలో నీళ్లు పోసి, ఒక చివరను గ్యాస్ పైపుకు తగిలిస్తే రెండువైపులా నీటిమట్టాల మధ్య తేడా 21 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. అంటే జానెడు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటులో కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు ఆ గొట్టాన్ని గోడకు ఆనించి పట్టుకుని, వాల్వు కట్టేసి, కాసేపు ఊపిరి బిగబట్టినట్టు నిలబడ్డాడు. నీటిమట్టం దిగితే ఎక్కడో లీకున్నట్టు. దిగకపోతే లైను బాగున్నట్టు. దిగలేదు. అయినా వదల్లేదతను. సబ్బునీళ్ల డబ్బాలో బ్రష్షు ముంచి జాయింటు జాయింటుకీ పూశాడు. ఎక్కడా బుడగ లేవలేదు.

అంతా అయ్యాక ఇంటావిడ అడిగింది: "గోడమీద ఈ పసుపుపచ్చ పైపేంటి నాయనా, ఇంత వికారంగా! ముందు పలక కొట్టించేసి కప్పేయకూడదూ?"

"వద్దాంటీ. పైపు కండ్లకు కనవడాలె. కప్పేస్తే రేపు లీకైనా మాకు దొరకది."

ఆవిడ తలూపింది. దసరా వెళ్లేలోపు ఆ గోడకు నిలువెత్తు అల్మరా వచ్చింది. పైపు చెక్క వెనక్కి పోయింది, మీటరు కందిపప్పు డబ్బాల పక్కన చేరింది. ఈ కథనం ఆ అల్మరా గురించి. దాన్ని చేసిన వడ్రంగికి గ్యాస్ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాలని ఏ కాగితంలోనూ లేదు.

గాడిమొగ నుంచి గడప దాకా

కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున తీసిన గ్యాస్ 2009 నుంచి కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డెక్కుతోంది. అక్కణ్నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైను తెలంగాణ మీదుగానే వెళుతుంది. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో ఇళ్లకు గ్యాస్ అందించే భాగ్యనగర్ గ్యాస్‌ను 2003లో గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి పెట్టాయి. గోదావరి జిల్లాల్లో, కృష్ణాలో, రాయలసీమలో, వరంగల్ వైపు తర్వాత వేరే కంపెనీలు వచ్చాయి.

2006లో వచ్చిన చట్టంతో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి ఏర్పడింది. నగరాల్లో గ్యాస్ పంపిణీకి సాంకేతిక, భద్రతా ప్రమాణాలు ఏమిటో ఆ మండలి 2008లో రాసిపెట్టింది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ముద్దుగా 'టీ ఫోర్ ఎస్' అంటారు. చదవడానికి విసుగు పుట్టించే పత్రమే. కానీ అందులోని ఒక్కో వాక్యం వెనక ఎక్కడో జరిగిన ఒక ప్రమాదం ఉంటుంది.

ఊరి చుట్టూ తిరిగే ఉక్కు గొట్టాల్లో ఒత్తిడి పదుల బార్లలో ఉంటుంది. కాలనీలకు వచ్చేసరికి అది 4 బార్లకు మించకుండా దించుతారు. ఇక్కడ ఉక్కు అక్కర్లేదు, పాలిథిలిన్ పైపు చాలు. దాన్ని కనీసం మీటరు లోతున పూడ్చాలి. పైన హెచ్చరిక రాసిన ప్లాస్టిక్ పట్టీ పరవాలి, తవ్వేవాడి గునపానికి ముందు అదే తగలాలని. ఆ ప్లాస్టిక్ పైపు బిల్డింగు గోడ దగ్గరే ఆగిపోతుంది. ఎండ తగిలితే పెళుసెక్కుతుంది, నిప్పు తగిలితే కరిగిపోతుంది కాబట్టి దానికి పైకెక్కే అర్హత లేదు. అక్కడినుంచి అంతస్తులెక్కేది జింకు పూత పూసిన ఇనుప (జీఐ) పైపు. గోడ దగ్గరున్న రెగ్యులేటరు 4 బార్లను 100 మిల్లీబార్లకు దించితే, మీటరు దగ్గరున్నది దాన్ని 21కి దించుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఆపేయడానికి ఒక వాల్వు. నా మటుకు నాకు ఇది మన నగరాల్లో కాస్త బుద్ధిగా కట్టిన వ్యవస్థల్లో ఒకటి అనిపిస్తుంది.

దీనికి వీధిలో పెద్ద శత్రువు జేసీబీ. మంచినీళ్ల వాళ్లొకసారి, కరెంటు వాళ్లొకసారి, ఇంటర్నెట్ కేబుల్ వాళ్లు మరోసారి అదే రోడ్డును తవ్వుతారు. ఎవరి మ్యాపు వాళ్ల దగ్గరుంటుంది. తవ్వే ముందు కింద ఏముందో అడిగి తెలుసుకోవడానికి 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యూ డిగ్' అనే యాప్ తెచ్చింది. ఆ యాప్ కాంట్రాక్టరు ఫోన్లో ఉంటే సరిపోదు, గుంతలో దిగిన ఆపరేటరుకు ఆ సమాచారం చేరాలి. అది చేరని చోట పైపు పగులుతుంది, వీధంతా వాసన కొడుతుంది, రెండు గంటలు పొయ్యిలు ఆగిపోతాయి, మర్నాడు జిల్లా ఎడిషన్లో ఒక బిట్ వార్త.

గ్యాస్ పైపు అనగానే కోనసీమ వాళ్ల గుండెల్లో మెదిలేది వేరు. 1995లో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ లైను తుప్పు పట్టింది. గ్యాస్‌లోని నీటితేమను తీసేసే ఏర్పాటు లేకుండా, పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపారన్నది విచారణలో తేలిన సంగతి. ఆ దుర్ఘటనలో వేలెత్తి చూపడానికి సంస్థ ఉంది, విచారణ ఉంది, బాధ్యులు ఉన్నారు. వంటింటి అల్మరా వెనక జరిగేదానికి అవేవీ ఉండవు. ఇంటి యజమానే వాది, ఇంటి యజమానే ప్రతివాది.

కిందికి దిగేది, పైకి పోయేది

రెండు తరాలుగా మనకు తెలిసింది సిలిండరు. అందులోది ఎల్పీజీ. గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్ల బరువు. లీకైతే నేలమీద పరుచుకుంటుంది, గట్టు కింద, తలుపు సందులో, డ్రైనేజీ గుంతలో పోయి కూర్చుంటుంది. అందుకే గట్టు కింది గూటికి గాలి కన్నాలు పెట్టించమన్నారు, సిలిండరును గుంతలో పెట్టొద్దన్నారు, రాత్రి పడుకోబోయే ముందు రెగ్యులేటరు తిప్పేయమన్నారు. మన అమ్మలకు ఇది నిద్రలో కూడా గుర్తుండే పాఠం.

పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్. దాని బరువు గాలి బరువులో సగానికి కాస్త ఎక్కువ. లీకైన వెంటనే పైకి లేస్తుంది. కిటికీ తెరిచి ఉంటే క్షేమంగా వెళ్లిపోతుంది కూడా. ఈ విషయంలో పైపు గ్యాస్ సిలిండరు కంటే నయమే. ఎల్పీజీ గాలిలో రెండు శాతం చేరినా అంటుకుంటుంది, మీథేన్‌కు కనీసం ఐదు శాతం కావాలి.

ఇబ్బందల్లా పైకి పోయేదానికి పైన దారి ఉందా అన్న దగ్గరే. పాత పెంకుటిళ్లలో పొగ పోవడానికి వంటింటి కప్పులో సందు ఉండేది. డాబాలు వచ్చాక గోడ పైభాగాన వెంటిలేటరు వచ్చింది. కట్టెలపొయ్యి కోసం పుట్టిన ఆ కన్నం పైపు గ్యాస్‌కు అతికినట్టు సరిపోయేది. అది కాస్తా ఇప్పుడు లేదు. చిమ్నీ గొట్టం కోసం దాన్ని వాడుకుని చుట్టూ సిమెంటు పూసేశారు. ఇక మిగిలింది గిన్నెలు తోముకునే యుటిలిటీ బాల్కనీ. హైదరాబాద్‌లో పావురాల బెడద తెలియనిది కాదు. ముందు వల కట్టారు, తర్వాత అద్దాల తలుపులు బిగించి వాషింగ్ మెషీన్ పెట్టారు. మీటరు ఆ బాల్కనీలో ఉన్న ఇళ్లు బోలెడు. గాలి ఆడని చోట, మూసేసిన గూళ్లలో గ్యాస్ పైపులు, మీటర్లు ఉండకూడదన్నది నిబంధనల సారాంశం. కనెక్షన్ ఇచ్చిన రోజున అది ఆరుబయటే. అద్దాలు తర్వాత వచ్చాయి.

దీనికి తోడు ఫాల్స్ సీలింగ్. ఒక చిన్న లెక్క వేద్దాం. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న వంటింట్లో గాలి దాదాపు 22,600 లీటర్లు. అందులో ఐదు శాతం కావాలంటే 1,130 లీటర్ల గ్యాస్ చేరాలి. పెద్ద బర్నరు ఆరిపోయి తెరిచి ఉన్నా గంటకు రెండు వందల లీటర్ల ప్రాంతంలోనే వదులుతుంది. అంటే గది మొత్తం ఆ స్థితికి రావాలంటే గంటలు పడుతుంది, ఈలోగా ఎవరి ముక్కుకో వాసన తగులుతుంది. అదే గదిలో కప్పుకు అడుగు కింద ఫాల్స్ సీలింగ్ బిగిస్తే, పైన మిగిలిన ఖాళీలో గాలి 2,265 లీటర్లే. దానికి 113 లీటర్లు చాలు. పైపు ఆ సీలింగ్ లోపలినుంచి పోతూ, అందులో ఒక జాయింటు వదులైతే, కింద వంట చేస్తున్న మనిషికి వాసన ఎప్పటికి అందుతుంది? ఆ ఖాళీలోనే లైట్ల వైర్లు, వాటి కనెక్షన్లు కూడా ఉంటాయి. జాయింట్లు ఎక్కువగా మూలల్లోనే వస్తాయి. ఇంటీరియర్ వాళ్లకు కప్పేయాలనిపించేదీ మూలలనే.

ముక్కును నమ్ముకున్న చట్టం

మీథేన్‌కు వాసన లేదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ అనే ఊళ్లో, బడి భవనం కింద ఎవరికీ తెలియకుండా చేరిన గ్యాస్ పేలి మూడు వందల మంది వరకు చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌కు వాసన కలిపి తీరాలన్న నియమం బలపడింది. మనం గ్యాస్ వాసన అనుకునేది గ్యాస్‌ది కాదు, లేశమాత్రంగా కలిపే మెర్కాప్టన్ లాంటి గంధకపు పదార్థానిది. గాలిలో నూటికి ఒక పాలు గ్యాస్ కలిసేసరికే, అంటే అంటుకునే స్థాయిలో ఐదో వంతు దగ్గరే మనిషికి తెలియాలన్నది లెక్క.

లెక్క బాగానే ఉంది. కానీ ముక్కు కాసేపటికి ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. వయసు మళ్లినవాళ్లకు వాసన సరిగా తెలియదు. మన వంటిళ్లలో ఇంగువ పోపుకీ, ఎండుచేపల వేపుడుకీ మధ్య కుళ్లిన ఉల్లిపాయ వాసన వస్తే ముందు కూరగాయల బుట్టనే అనుమానిస్తాం. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో గ్యాస్ డిటెక్టరు పెట్టించడం మంచిది. అయితే సిలిండరు కోసం నేలకు దగ్గరగా బిగించినదాన్ని పైపు గ్యాస్ వచ్చాక కూడా అక్కడే వదిలేస్తే అది అలంకారానికే. దాన్ని కప్పుకు దగ్గరగా మార్చాలి, మీథేన్‌ను పసిగట్టే రకమో కాదో చూసుకోవాలి.

వాసన తగిలితే ఏం చేయాలో అందరికీ తెలుసనుకుంటాం. చాలామంది మొదట చేసేది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం. చేయకూడనిది సరిగ్గా అదే. స్విచ్ వేసినా, వేసి ఉన్నది తీసినా లోపల చిన్న మెరుపు పుడుతుంది. కిటికీలు, తలుపులు తెరిచి, వాల్వు కట్టేసి, ఇంటిల్లిపాదీ బయటికొచ్చాకే ఫోన్ చేయాలి. ఎల్పీజీకి దేశమంతటా 1906. పైపు గ్యాస్‌కు మీ కంపెనీ అత్యవసర నంబరు బిల్లు మీద ఉంటుంది. ఆ బిల్లు ఇప్పుడు ఫోన్లో మెసేజీగా వస్తోంది కాబట్టి ఆ నంబరు చూసినవాళ్లు తక్కువ.

అద్దెవాళ్ల పొయ్యి

కనెక్షన్ ఇచ్చేటప్పుడు పొయ్యి జెట్లు మారుస్తారు, లేదా ఉన్నవాటి కన్నం పెద్దది చేస్తారు. సిలిండరు రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడి దాదాపు 30 మిల్లీబార్లు. పైపులో 21. పైగా ఒకే పరిమాణం ఎల్పీజీ ఇచ్చే వేడిలో మీథేన్ ఇచ్చేది సగానికి తక్కువ. అందుకని ఎక్కువ గ్యాస్ రావాలి, కన్నం పెద్దదవ్వాలి.

ఇప్పుడు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి పైపు గ్యాస్ లేని కాలనీకి వెళ్లారనుకోండి. పొయ్యి వాళ్లతోనే పోతుంది. అక్కడ సిలిండరుకు తగిలిస్తారు. పెద్ద కన్నంలోంచి ఎల్పీజీ ఎగదన్నుకొస్తుంది, మంట నీలంగా కాకుండా పసుపుగా, గిన్నె అంచులు దాటి లేస్తుంది. గిన్నెల అడుగున మసి పడుతుంది. మసి పట్టిందంటే గ్యాస్ పూర్తిగా కాలడం లేదని, కాలని చోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని అర్థం. దానికి రంగూ వాసనా లేవు, దానికి ఎవరూ వాసన కలపరు కూడా. "ఈ సిలిండరు గ్యాస్ మంచిది కాదు, మసి కొడుతోంది" అని ఏజెన్సీ కుర్రాడి మీద కేకలేయడం దగ్గర ఈ కథ సాధారణంగా ముగుస్తుంది. మంట పసుపుగా ఉంటే ముందు జెట్లు చూపించుకోవాలి.

అదే విషవాయువు స్నానాల గదుల్లోనూ ప్రాణాలు తీస్తోంది. గ్యాస్ గీజరును బాత్రూం లోపల పెట్టి, తలుపు మూసుకుని స్నానానికి దిగినవాళ్లు స్పృహ తప్పిపోయిన వార్తలు చలికాలంలో చదువుతూనే ఉన్నాం. గీజరు ఉండాల్సింది బయట గాలాడే చోట. లోపలికి రావాల్సింది వేడినీళ్లు ఒక్కటే.

ఇక రబ్బరు గొట్టం. పైపు ఎంత గట్టిదైనా చివరి మూరెడు, బారెడు దూరం రబ్బరుదే. ఐఎస్ఐ గుర్తున్న, లోపల తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్ష గొట్టం వాడాలి, ఐదేళ్లకోసారి మార్చాలి. ఒకటిన్నర మీటరు దాటకూడదు, గోడలోంచి దూర్చకూడదు. అల్మరా వెనక పడిపోయిన గొట్టాన్ని ఎలుక కొరికితే చూసేదెవరు?

నీళ్ల ప్లంబరు చేసిన మేలు

వెనక వరండాలో రెండో పొయ్యి కావాలి. పచ్చళ్లకు, పిండివంటలకు, పండక్కి బంధువులొస్తే పెద్ద గిన్నెలకు. కంపెనీకి దరఖాస్తు పెడితే ఎప్పుడొస్తారో, ఎంత అడుగుతారో. అపార్ట్‌మెంటు ప్లంబరు పక్కనే ఉన్నాడు, పైపు కోసి 'టీ' వేసి గంటలో చేసిపెడతానంటాడు. మంచివాడే, చేతిపని కూడా ఉంది. కాకపోతే నీళ్ల పైపు కారితే గోడ తడుస్తుంది, బొట్టు కనపడుతుంది, మర్నాడు పిలిచి బిగించుకోవచ్చు. గ్యాస్ పైపు కారితే గోడ పొడిగానే ఉంటుంది. యూ ఆకారపు నీటిగొట్టం పట్టుకుని ఒత్తిడి నిలిచిందా లేదా అని చూసే పని అతని అలవాటులో లేదు. ఆ గొట్టమే అతని సంచిలో ఉండదు.

ఎలక్ట్రీషియన్ సంగతి మరొకటి. ఎర్తింగ్ కోసం దగ్గర్లో కనపడిన లోహపు పైపుకు తీగ చుట్టేయడం మన ఊళ్లలో పాత విద్య. గ్యాస్ పైపుకు ఆ పని చేయకూడదు. బాల్కనీలో దాని మీద తడి చీరలు ఆరేయడం కూడా మంచిది కాదు. రోజూ బరువు పడితే క్లాంపులు ఊడతాయి, క్లాంపు ఊడిన పైపు జాయింటు దగ్గర అల్లాడుతుంది.

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన వాళ్లకు ఈ తిప్పలు ఇంకో రూపంలో తెలుసు. అక్కడా ఇంట్లోకి వచ్చే ఒత్తిడి జానెడుకి లోపే, ఏడు అంగుళాల నీటిమట్టం. చేపల పులుసు వాసన ఇల్లంతా పట్టకుండా పెరట్లోనో గ్యారేజీలోనో పెద్ద బర్నరు పెట్టించుకుంటారు. చాలా ఊళ్లలో దానికి పర్మిట్ తీసుకోవాలి, లైసెన్సున్న ప్లంబరు చేయాలి, ఊరి ఇన్‌స్పెక్టరు వచ్చి ఒత్తిడి గేజీ చూసి సంతకం పెట్టేదాకా గోడ మూయకూడదు. ఇన్‌స్పెక్టరు రాక కోసం పనులు వారాల తరబడి ఆగాయని విసుక్కునేవాళ్లు ఎంతమందో. అన్ని నియమాలున్న చోట కూడా ప్రమాదాలు జరుగుతాయి. 2018 సెప్టెంబరు 13న మసాచుసెట్స్‌లోని లారెన్స్, ఆండోవర్, నార్త్ ఆండోవర్ ఊళ్లలో పాత పోతపోసిన ఇనుప లైన్ల బదులు ప్లాస్టిక్ లైన్లు వేస్తూ, ఒత్తిడిని కనిపెట్టే గొట్టాలను వాడకం ఆపేసిన పాత లైనుకే వదిలేశారు. పాత లైనులో ఒత్తిడి పడిపోయేసరికి రెగ్యులేటర్లు తెరుచుకుని కొత్త లైనులోకి గ్యాస్ ఎక్కించాయి. ఇళ్లలోకి మామూలు కంటే ఎన్నో రెట్ల ఒత్తిడి తన్నుకొచ్చి వందకు పైగా కట్టడాలు దెబ్బతిన్నాయి, ఒక కుర్రవాడు చనిపోయాడు. అయితే అక్కడ ఏ గొట్టం ఎవరు కలిపారో, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో బయటికి లాగగలిగారు.

ఫారంలో లేని గడి

మన దగ్గర వంటింటి గోడ మూసే ముందు వచ్చి చూసే ఇన్‌స్పెక్టరు లేడు. ఫ్లాటు చేతులు మారేటప్పుడు కరెంటు బిల్లు, మున్సిపల్ పన్ను, మెయింటెనెన్స్ బకాయి అడుగుతాం. గ్యాస్ లైనుకు ఎవరైనా అతుకులు వేశారా అని అడిగినవాళ్లను నేను చూడలేదు. కంపెనీలు తనిఖీకి మనుషుల్ని పంపినా సగం తలుపులు తెరుచుకోవు. "అయ్యగారు లేరు, ఆదివారం రండి" అంటుంది పనమ్మాయి. ఆదివారం వాళ్లు రారు. తెరిచిన ఇంట్లోనూ అల్మరా స్క్రూలు విప్పి చూసే అధికారం తనిఖీకి వచ్చిన కుర్రాడికి ఎవరిచ్చారు? 'అంతా బాగుంది' అన్న చోట సంతకం పెట్టించుకుని పోతాడు.

దీనికి కొత్త చట్టమే రావాలని నేననుకోను. మన అపార్ట్‌మెంట్లలో ఒక ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఇంటీరియర్ పని మొదలుపెట్టాలంటే అసోసియేషన్ ఆఫీసులో ఫారం నింపాలి, డిపాజిట్ కట్టాలి. లిఫ్టు గీతలు పడితే ఇంత, చెత్త తీయకపోతే ఇంత, మధ్యాహ్నం డ్రిల్లింగ్ చేస్తే ఇంత కోత. పనివాళ్ల ఆధార్ నకళ్లు కూడా తీసుకుంటారు. ఆ ఫారంలో గ్యాస్ లైను అన్న మాట ఉండదు. 'పైపు, మీటరు, వాల్వు కనపడేలానే ఉంటాయా? బాల్కనీ మూస్తున్నారా? గ్యాస్ కంపెనీకి చెప్పారా?' అని మూడు గళ్లు చేర్చి, పని అయ్యాక వెళ్లి చూసి గానీ డిపాజిట్ వెనక్కి ఇవ్వకపోతే వడ్రంగికి ఆ విషయం ఇంటివాళ్లే గుర్తుచేస్తారు. పని పూర్తయ్యాక కంపెనీ మనిషిని పిలిచి యూ ఆకారపు నీటిగొట్టంతో ఇంకోసారి చూపించుకుంటే మరీ మంచిది.

ఇంకొకటి, అసలు ఖర్చే లేనిది. బ్లాకు మొత్తానికి గ్యాస్ ఆపే వాల్వు కింద పార్కింగ్ దగ్గరో, ప్రహరీ గోడ పక్కనో ఉంటుంది. అది ఎక్కడుందో సెక్రటరీకి తెలిసే అవకాశం తక్కువ, వాచ్‌మన్‌కు ఎవరూ చెప్పి ఉండరు. చాలాచోట్ల దానికి ఆనించే బైకులు పెడుతున్నారు. వాల్వు ఎటు తిప్పాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో పెద్ద అక్షరాలతో తెలుగులో, హిందీలో రాయించి అక్కడా, వాచ్‌మన్ గదిలోనూ అంటించాలి. రాత్రి డ్యూటీలో ఉన్నతని చేత ఒకసారి చూపించమని అడగాలి, బైకులు తీయించాకే.